‘నాన్న గే అట, అమ్మకు ఏం చెప్పను?’

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటున్నాను. అమ్మా నాన్నా తమ్ముడూ పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్నారు. రెండు నెలల కిందట నేను ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, తాను గే అని చెప్పారు. వయసొచ్చినప్పటి నుంచీ తనకు తెలుసట. ఇంట్లో పెద్దవాళ్ళు పెళ్ళి కుదిర్చినప్పుడు కాదనే ధైర్యం లేకపోయిందట. ఆయనకు ఇప్పుడు 53 ఏళ్ళు. ఎవరైనా ఉన్నారా అని అమ్మ అడిగితే, “ఒకరు ఉండేవారు, అది ఎప్పుడో అయిపోయింది” అన్నారు. ఆ రాత్రి నుంచి పొలం దగ్గర షెడ్డులోనే పడుకుంటున్నారు. ఇంటికి వచ్చి భోంచేసి వెళ్తారు, ఎవరితోనూ మాట్లాడరు. అమ్మ రోజూ ఫోన్ చేసి “30 ఏళ్ళూ నాతో నటించాడా?” అని అడుగుతుంది. తమ్ముడు నాన్నతో మాటలు మానేశాడు. “తేడా మనిషి కొడుకు అంటారు నన్ను” అని నా దగ్గర ఏడ్చాడు. అమ్మ ఉండబట్టలేక మామయ్యకు చెప్పింది. డాక్టరుకు చూపించి మందులు వాడితే తగ్గిపోతుందని ఆయన పట్టుబడుతున్నాడు. ఊళ్ళో తెలిస్తే ఏమవుతుందోనని అందరికీ టెన్షన్. మా ఆయనకు నేనింకా చెప్పలేదు. నాన్న మీద నాకు కోపం రావడం లేదు. అదే తప్పేమో అనిపిస్తోంది. — ఓ కూతురు

జవాబు: మీరు అడిగినవన్నీ కాసేపు పక్కన పెడదాం. మీ నాన్నగారు పొలం దగ్గర షెడ్డులో ఒంటరిగా పడుకుంటున్నారని రాశారు. వ్యవసాయం చేసే ఇళ్ళలో పురుగుమందులు ఉండేది అలాంటి షెడ్డులోనే. ప్రపంచంలో జరిగే ఆత్మహత్యల్లో దాదాపు అయిదో వంతు పురుగుమందులు తాగడం వల్లేనని, అవి ఎక్కువగా పల్లెల్లోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ నాన్నగారికి అలాంటి ఆలోచన ఉందని నేను అనడం లేదు. కానీ ఇన్నేళ్ళు దాచిన మాట బయటపెట్టి, ఇంట్లో అందరూ మౌనంగా ఉండిపోతే, రెండు నెలలుగా ఒక్కరే పడుకుంటున్న మనిషి ఆయన. కాబట్టి ఈరోజే తమ్ముడికి ఫోన్ చేయండి. షెడ్డులో ఉన్న మందు డబ్బాలన్నీ తీసి, తాళం వేసే చోట పెట్టి, తాళంచెవి వాడి దగ్గరే ఉంచుకోమనండి. నాన్నతో మాట్లాడకపోయినా ఈ పని చేయవచ్చు. మందుల అవసరం లేనప్పుడు అవి ఇంట్లో లేకపోతే ఇంకా మంచిది.

ఆ తర్వాత మీరే నాన్నకు ఫోన్ చేసి, తిన్నారా, పడుకున్నారా అన్న మాటలయ్యాక, “నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ ఉంటుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా దాటేసినా ఆయన్ని ఒంటరిగా ఉంచకండి. షెడ్డు నుంచి ఇంటికి రప్పించండి. కనీసం తమ్ముడో, నమ్మకమైన మనిషో రాత్రిళ్ళు దగ్గర ఉండేలా చూడండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలంటే బస్సెక్కాల్సిన పల్లెవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చే నంబరు. ఇదే ప్రశ్న అమ్మను కూడా అడగండి. ఆమె రోజూ మీకు ఫోన్ చేసి ఏడుస్తోంది కాబట్టి బాధంతా బయటికి పోతోందని అనుకోకండి.

ఇక మామయ్య సంగతి. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆయన చెప్పే వైద్యం మాత్రం లేదు. గే కావడం జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మన దేశంలో భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది జబ్బు కాదని బహిరంగంగా ప్రకటించింది. ‘మారుస్తాం’ అంటూ ఇచ్చే చికిత్సలు వృత్తి నియమాల ఉల్లంఘన కిందికి వస్తాయని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఇంకో మాట కూడా చెబుతుంది: చుట్టూ ఉన్న సమాజపు నీతికో విలువలకో భిన్నంగా ఉన్నాడన్న కారణంతో ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేల్చడానికి వీల్లేదు. మామయ్యకు ఈ చట్టాలన్నీ అప్పజెప్పనక్కర్లేదు. “మామయ్యా, డాక్టర్లే ఇది జబ్బు కాదంటున్నారు. మారుస్తామని ఎవరైనా డబ్బు అడిగితే మోసం చేస్తున్నట్టే. నాన్న కుంగిపోతే ఆ కుంగుబాటుకు చూపిద్దాం” అనండి చాలు. మీ నాన్నగారిని బలవంతంగా ఎక్కడికైనా తీసుకెళ్ళే ప్రయత్నం జరిగితే మాత్రం మీరు అడ్డంపడాలి.

పోలీసు కేసు అవుతుందేమో అన్న భయం ఇంట్లో ఎవరికైనా ఉంటే, అదీ లేదు. పెద్దవాళ్ళయిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. నేరం కాదన్నంత మాత్రాన ఊరు ఒప్పుకుంటుందని కాదు, అది మీకూ తెలుసు. ఊరి సంగతికి తర్వాత వస్తాను.

ముందు అమ్మ. ఇలాంటి ఇళ్ళ గురించి మాట్లాడేటప్పుడు అందరి దృష్టీ నిజం చెప్పిన మనిషి మీదే ఉంటుంది. ఆయన ధైర్యం, ఆయన బాధ, ఆయన ఇన్నాళ్ళు మోసిన బరువు. అవన్నీ నిజమే. కానీ ఆ 30 ఏళ్ళూ అదే ఇంట్లో ఇంకో మనిషి కూడా బతికింది. భర్త తన వైపు ఎందుకు మనసారా చూడడో తెలియక, లోపం తనలోనే ఉందేమోనని ఎన్ని రాత్రులు అనుకుని ఉంటుందో! ఆ మాట కూతురికి చెప్పుకోలేదు కదా. ఆమె అడిగే “నటించాడా?” అన్న ప్రశ్నలో నాకు అదే వినిపిస్తోంది.

ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. చెప్పాల్సింది నాన్న. “లేదమ్మా, నాన్నకు నువ్వంటే ఇష్టమే” అని మీరు ఓదార్చబోతే ఆమెకు అది అబద్ధంలాగే వినిపిస్తుంది. “అవును, నటించారు” అంటే అదీ మీకు తెలియని విషయమే. భార్యను గౌరవించి, ఆమెకు జ్వరం వస్తే నిద్రపోకుండా కూర్చుని, పిల్లల్ని ప్రాణంగా పెంచి, అయినా ఆమె మీద ఆ రకమైన కోరిక కలగని మగవాళ్ళు ఉన్నారు. మీ నాన్నగారి లోపల ఏముందో ఆయనకే తెలుసు. మీరు చేయగలిగిందల్లా, “ఈ ప్రశ్న నన్ను కాదు, నాన్ననే అడుగమ్మా. అడిగే హక్కు నీకుంది” అని ఆమెకు చెప్పడం, “అమ్మ అడుగుతుంది, తప్పించుకోకుండా చెప్పండి” అని ఆయనకు చెప్పడం. మీ నాన్నగారి విషయంలో నాకు నచ్చనిది ఇదే. పెద్ద మాట చెప్పేసి షెడ్డుకు వెళ్ళిపోయారు. ఆ మాటను భరించే పని మీ ముగ్గురికీ వదిలేశారు. భయంతోనే చేసి ఉంటారు, ఒప్పుకుంటాను. అయినా భార్యకు ఎదురుగా కూర్చుని ఆమె అడిగినవాటికి జవాబు చెప్పడం ఆయన బాధ్యత. ఒక్క రోజులో అన్నీ తేలవు. వారంలో రెండుసార్లు, పిల్లలెవరూ లేకుండా వాళ్ళిద్దరే ఓ అరగంట మాట్లాడుకుంటే చాలు. మాట గొడవలోకి పోతుంటే అక్కడే ఆపేయమనండి.

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీసి చూస్తే అమ్మకు కొంత తేలిక అవుతుంది. మీ నాన్న గే కావడం ఆయన తప్పు కాదు, అమ్మ లోపం అంతకన్నా కాదు. ఆమె ఇంకా అందంగా ఉన్నా, ఇంకా ప్రేమగా ఉన్నా అది మారేది కాదు. ఈ మాట మాత్రం అమ్మకు మీ నోటితోనే, ఎన్నిసార్లైనా చెప్పండి. రెండోది, ఆయన చెప్పిన ఆ ఒకరితో సంబంధం పెళ్ళయ్యాకే అయితే ఆ సంబంధం, దాన్ని దాచడం. అవతల ఉన్నది ఆడమనిషైనా మగమనిషైనా భార్యకు తగిలే దెబ్బ ఒకటే. దాని మీద అమ్మకు కోపం వస్తే రానివ్వండి. “ఆయన కూడా ఎంత నలిగిపోయారో కదమ్మా” అని ఇప్పుడే ఆ కోపం మీద నీళ్ళు చల్లకండి. ఆ మాట ఎప్పటికైనా ఆమె నోటి నుంచి రావాలే గానీ మనం నేర్పించేది కాదు.

ఇంకొకటి ఉంది. చెప్పడానికి ఇబ్బందైనా చెప్పాలి. అమ్మా నాన్నా ఇద్దరూ ఒకసారి హెచ్‌ఐవీ పరీక్ష, దానితోపాటు సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకుంటే మంచిది. గే అంటే జబ్బు అన్న అర్థంతో కాదు, భార్యాభర్తల్లో ఎవరికి బయట సంబంధం ఉందని తెలిసినా నేను ఇదే చెబుతాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కోసం ఉన్న ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచాలని చట్టమే ఉంది. సొంత ఊరి దగ్గర తెలిసినవాళ్ళు కనిపిస్తారనుకుంటే, మీ దగ్గరికి వచ్చినప్పుడు చేయించండి. అడగాల్సినవి ఏమైనా ఉంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు. చాలావరకు ఏమీ ఉండదు, కానీ ఆ అనుమానంతో అమ్మ ఒక్కతే రాత్రిళ్ళు గడపకూడదు.

“ఇప్పుడు వీళ్ళు విడిపోవాలా?” అని మీరు రాయలేదు గానీ, ఇంట్లో అందరి మనసులోనూ అదే ఉండి ఉంటుంది. తేల్చుకోవాల్సింది వాళ్ళిద్దరు. దానికి తొందర లేదు. అమెరికాలో అమిటీ బక్స్‌టన్ అనే ఆవిడ భర్త, పెళ్ళయిన పాతికేళ్ళకు ఇలాగే చెప్పాడు. ఆ తర్వాత ఆవిడ ఇలాంటి భార్యలతో, భర్తలతో ఏళ్ళ తరబడి మాట్లాడి, వాళ్ళకోసం ఒక సంస్థే పెట్టింది. ఆవిడకు కనిపించింది ఒక్క దారి కాదు. కొందరు వెంటనే విడిపోయారు, కొందరు ఒకటి రెండేళ్ళు ఆగి విడిపోయారు, కొందరు ఏవో ఒప్పందాలతో ఒకే ఇంట్లో ఉండిపోయారు. పల్లెలో పొలం, ఇల్లు, పశువులు, అప్పులు అన్నీ ఇద్దరి చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఉద్యోగస్తుల్లా సూట్‌కేసు సర్దుకుని వేరే ఫ్లాటుకు వెళ్ళడం కుదరదు. ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉంటూ, పనులు కలిసి చేసుకుంటూ కొంతకాలం గడపడం కూడా ఒక ఏర్పాటే. అమ్మకు అది ఊపిరాడనట్టు ఉంటే, కొన్నాళ్ళు మీ దగ్గరికి తెచ్చుకోండి. పుట్టింటికి పంపడం కన్నా అదే నయమని నా అభిప్రాయం, అక్కడ మామయ్య ఉన్నాడు కదా.

కాగితాల విషయంలో మాత్రం అమ్మ జాగ్రత్తగా ఉండాలి. కోపంలో ఉన్నప్పుడు ఎవరూ పొలం పత్రాల మీద, విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. “పరువు పోయింది, పొలం కొడుకు పేర రాయించేసుకో” అని సలహా ఇచ్చేవాళ్ళు తప్పకుండా బయల్దేరతారు. మీరు హిందూ వివాహ చట్టం కిందికి వస్తారనుకుని చెబుతున్నాను. ఇద్దరూ ఇష్టపడి విడాకులు తీసుకోవాలంటే ముందు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. విడాకులు తీసుకున్న భార్యకు ఆ తర్వాత భర్త ఆస్తిలో వారసత్వ హక్కు ఉండదు. కాబట్టి ఆమె పేర ఏముంటుంది, భరణం ఎంత అన్నవి ముందే రాతపూర్వకంగా తేలాలి. విడిపోకుండా వేరుగా ఉన్నా భరణం అడగవచ్చు. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు 2005 నాటి గృహహింస చట్టం కింద ఉంది. తండ్రి గే అయినందువల్ల మీకూ తమ్ముడికీ రావాల్సిన వాటాల్లో మార్పేమీ ఉండదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది, నంబరు 15100. ఊళ్ళో పెద్దమనుషుల ముందు పెట్టే కంటే ఇది వంద రెట్లు మేలు. అక్కడ పెడితే తీర్పు సంగతేమో గానీ, విషయం ఊరంతా తెలిసిపోతుంది.

తమ్ముడి గురించి. అతడు ఏడ్చింది మీ దగ్గరే కాబట్టి అతనితో మాట్లాడగలిగిందీ మీరే. “తేడా మనిషి కొడుకు” అన్న మాట ఎవరూ అనకముందే అతను తనకు తానే అనుకుంటున్నాడు. ఆ వయసు కుర్రాడికి ఇంకో భయం కూడా ఉండవచ్చు: నేనూ అంతేనేమో, నాకు పిల్లనెవరిస్తారు? తండ్రి గే అయినంత మాత్రాన కొడుకు గే కాడు. తన సంగతి తనకే తెలుస్తుంది కదా అని తేలిగ్గా చెప్పండి, ఉపన్యాసం ఇవ్వకండి. నాన్నను క్షమించమని అడగకండి. “నాన్నతో నీ కోపం నీది. కానీ రేపు మోటారు ఎప్పుడు వేయాలో, కూలీలకు ఎవరు చెప్పాలో మాట్లాడు” అనండి. రోజంతా ఒకే పొలంలో పనిచేసే తండ్రీకొడుకులకు పని మాటలు ఉండటం పెద్ద సదుపాయం. పెద్ద మాటలు రావడానికి ఆర్నెల్లు పట్టినా పని మాటలు ఆగకపోతే బంధం తెగదు. మగవాళ్ళ మధ్య చాలా రాజీలు ఇలాంటి మాటలతోనే మొదలవుతాయి, కూర్చుని మనసు విప్పుకున్నందువల్ల కాదు.

ఇప్పుడు ఊరు. ప్రస్తుతం ఈ విషయం మామయ్యతో కలిపి అయిదుగురికి తెలుసు. ఇంకెవరికి చెప్పాలన్నది నాన్న ఇష్టం. ఎందుకంటే ఇది బయటికి వెళ్తే ఎక్కువ నష్టపోయేది ఆయనే. అలాగని అమ్మ ఎవరికీ చెప్పుకోకూడదంటే అన్యాయం. ఆమెకు ఒకరిద్దరు మనుషులు కావాలి. ఎవరికి చెప్పుకుంటుందో వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. మామయ్యను మాత్రం మీరే ఒకసారి కలిసి, ఇది ఇక్కడితో ఆగాలని గట్టిగా అడగండి. ఆయన ఇంట్లో ఇప్పటికే ఎవరికైనా చెప్పారేమో కూడా కనుక్కోండి.

రేపు ఎవరైనా అడిగితే నలుగురూ ఒకే మాట చెప్పాలి, అబద్ధం లేకుండా. “మా ఇంటి విషయం, మేం చూసుకుంటున్నాం” అంటే చాలు. నాలుగు రకాల కథలు అల్లితే ఊరు ఐదోది కలుపుతుంది. షెడ్డులో పడుకోవడం ఇప్పటికే ఎవరో గమనించి ఉంటారు, అందుకైనా నాన్న ఇంటికి రావాలి. విషయం నిజంగా బయటపడితే మొదటి కొన్ని వారాలు కష్టంగానే ఉంటాయి, అందులో దాపరికం ఎందుకు? కొందరు పలకరించడం మానేస్తారు, కొందరు వెకిలిగా నవ్వుతారు. కానీ మీ నాన్నను ఆ ఊరు 53 ఏళ్ళుగా చూస్తోంది. ఎవరికి చేబదులు ఇచ్చారో, ఎవరి చావుకు ముందు నిలబడ్డారో వాళ్ళకు తెలుసు. పట్నంలో కొత్తగా పరిచయమైన మనిషికి లేని ఈ ఖాతా పల్లెలో ఉన్నవాడికి ఉంటుంది, అది పూర్తిగా ఎవరూ కొట్టేయలేరు. ఎవరైనా “బయటపెడతాం, డబ్బివ్వు” అని బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మెసేజులు, కాల్ రికార్డులు దాచుకుని వకీలును కలవండి. బెదిరించి డబ్బు గుంజడం నేరం, గే కావడం కాదు.

ఇంకొక మాట మీ వరకు రావచ్చు. మీకు పిల్లలుంటే, “తాత దగ్గరికి పంపకు” అని ఎవరో ఒకరు అంటారు. గే కావడానికీ పిల్లలకు హాని చేయడానికీ సంబంధం లేదు. అలా అన్నవాళ్ళకు అక్కడే జవాబివ్వండి, నాన్న చెవిన పడకముందే.

మీకు కోపం రాకపోవడంలో తప్పేమీ లేదు. మోసపోయింది మీరు కాదు కాబట్టి అమ్మకు వచ్చినంత కోపం మీకు రావాలని లేదు. ఇప్పుడు రాకపోయినా ఏడాది తర్వాత ఏదో పెళ్ళిలో అమ్మా నాన్నా పక్కపక్కన నిలబడి ఫొటో దిగుతుంటే రావచ్చు, అప్పుడూ కంగారుపడకండి. ప్రస్తుతం మీరు ముగ్గురి మధ్య పోస్ట్‌మ్యాన్ పని చేస్తున్నారు, దాన్ని తగ్గించుకోండి. అమ్మ ఫోన్‌కు రోజూ ఒక సమయం పెట్టుకోండి, ఆ సమయంలో పూర్తిగా వినండి. “నాన్నకు ఇది చెప్పు” అంటే “నువ్వే చెప్పమ్మా” అనండి. ఆమె బాగోలేని రోజు మాత్రం ఈ నియమాలేవీ వద్దు.

ఇక మీవారి సంగతి. రెండు నెలలుగా రోజూ ఏడుస్తూ ఫోన్ వస్తుంటే ఆయన గమనించే ఉంటారు. ఎక్కువ రోజులు దాస్తే, మీ ఇంట్లో జరిగిందే మీ కాపురంలోనూ చిన్నగా మొదలవుతుంది. కానీ ముందు నాన్నకు చెప్పండి: “నాన్నా, ఆయనకు చెప్పకుండా నేను ఉండలేను. ఆయనొక్కడికే చెబుతాను, అత్తయ్యా వాళ్ళకు వెళ్ళకుండా చూస్తాను.” నాన్న భయపడి కొంచెం ఆగమంటే పది పదిహేను రోజులు ఆగండి, అంతకన్నా వద్దు. ఈలోగా మీవారితో “ఇంట్లో ఒక సమస్య ఉంది, కొన్ని రోజుల్లో చెబుతాను, మీ మీద నమ్మకం లేక కాదు” అని అనండి. చెప్పే రోజు ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి, విన్నాక వెంటనే ఏమీ అనకపోతే ఒకటి రెండు రోజులు టైమివ్వండి. ఆయన నుంచి మీకు ఏం కావాలో కూడా అప్పుడే అడిగేయండి. అమ్మ వచ్చి కొన్నాళ్ళు ఉండటానికి ఒప్పుకోవడం, నాన్నతో ఎప్పటిలాగే ఫోన్లో మాట్లాడటం, ఈ రెండూ చాలు.